అచ్చులో చిలుక

కళ అంటే ఏమిటో చెప్పే పెద్దలను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా బాపు బోధన్‌లో వడ్రంగి. తలుపులు, కిటికీలు చేస్తాడని ఊరందరికీ తెలుసు. కామునిపున్నమకు పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లకు, అంటే పాకం పోసి చేసే చక్కెర బిళ్ళల దండలకు, టేకు అచ్చులు చెక్కేది కూడా ఆయనేనని మిఠాయి కొట్టాయనకు తప్ప ఎవరికీ పట్టలేదు. మాది క్రైస్తవ ఇల్లు, ఆ పండుగ మాది కాదు. అయినా చిలుక బొమ్మను తిరగేసి, లోపలికి గుంటగా చెక్కి, పిండిముద్ద అదిమి చూసుకునేవాడు. ముద్ద మీద కన్ను సరిగా తేలకపోతే ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు.

పందొమ్మిది వందల అరవైల్లో నేను నిజామాబాద్‌లో డ్రాయింగ్ టీచరుగా చేరాను. అక్కడ కళాప్రదర్శన పెడుతున్నారని తెలిసి, బాపును కూడా నలుగురూ కళాకారుడు అనాలని పట్టుబట్టాను. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, అచ్చును తువ్వాలలో చుట్టుకుని బస్సు దిగాడు.

ఎంపిక చేసే పెద్దమనిషి అచ్చును అటూ ఇటూ తిప్పాడు. "ఇది పనిముట్టు గదమ్మా. కళ ఏది?" అన్నాడు.

నేను వాదించాను. కానీ గుంటల్లో చిలుక ఎవరికి కనిపిస్తుంది? పిడికెడు పిండి తీసుకుపోవాలన్న తెలివి నాకు లేకపోయింది. పైగా అదే ప్రదర్శనకు నేను పెట్టిన, క్యాలెండర్ మీద గళ్ళు గీసి దించిన మంచుకొండల బొమ్మకు మొదటి బహుమతి ఇచ్చారు. ఆ కొండల్ని నేను ఎన్నడూ చూడలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా.

బాపు నా బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"క్యాలెండర్ చూసి దించిందే బాపు," అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"అయితేంది. సదువుకున్నోళ్ళకు ఎర్కుండదా?" అన్నాడు.

ఇంటికి తెచ్చి ఆ బొమ్మను మేకు కొట్టి గోడకు తగిలించాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించాడు.

మరుసటి ఏడు కొత్త అచ్చు చెక్కాడు. సెలవుకు వెళ్ళినప్పుడు నేనే పిండి అదిమి చూశాను. ముక్కు ఉంది, తోక ఉంది. ఈకల గీతలు లేవు, కన్ను లేదు.

"కన్ను మర్సిపోయినవా బాపు?"

"పనిముట్టుకు కన్నెందుకు బిడ్డా," అన్నాడు తల ఎత్తకుండా.

మిఠాయి కొట్టాయన తేడా కనిపెట్టనే లేదు. ఆ పండుగకు ఊళ్ళో పిల్లలంతా గుడ్డి చిలుకల్నే మెడలో వేసుకుని తిరిగారు.