లాటిన్ మొదలుపెట్టే వయసు

2022 వానాకాలం. గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పని జోరుగా సాగుతున్న రోజులు. అంతకు చాలా ఏళ్ల ముందే నేను వనపర్తిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం మానేసి, పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునే తల్లిదండ్రులకు కరికులం తయారుచేసే పనిలోకి దిగాను. కరికులం అంటే ఏ వయసులో ఏది, ఎంత, ఏ వరసలో నేర్పాలన్న ప్రణాళిక. ఇదీ ఒక పనేనా అని మావైపు జనం ఇప్పటికీ నవ్వుతారు. కరోనాలో బడులు మూతబడ్డాక కొందరికి ఇంటి చదువు అలవాటైంది. వాళ్ల పుణ్యమా అని నా బండి నడుస్తోంది.

ఆ కొందరిలో ఈరన్న ఒకడు. గద్వాలకు దగ్గరి పల్లెలో విత్తనం కోసం సీడ్ పత్తి పండించే రైతు. భార్య సుజాత డిగ్రీ చదివింది. వాళ్లకు మేఘన ఒక్కతే కూతురు, అప్పటికి ఆరేళ్లది. ఈరన్న ఫోన్ చేసి అడిగింది ఒకటే.

"మేడం, పిల్లకు ఇంగ్లీషు నడుస్తుంది. ఫ్రెంచి, లాటిన్ గూడ ఇప్పుడే షురూ చెయ్యాల్నా, జర ఆగాల్నా? మీరొచ్చి చూసి చెప్పుండ్రి."

లాటిన్ అనగానే నవ్వొచ్చింది గాని, అడిగితే కారణం ఉంది. పొలం చూడటానికి వచ్చిన విత్తనాల సైంటిస్టు ఒకాయన, మొక్కల శాస్త్రీయ నామాలన్నీ లాటిన్‌లోనే ఉంటాయని చెప్పాడట. కూతురు కూడా అట్లాంటి సైంటిస్టు కావాలని ఈరన్న కోరిక. అందులో తప్పేముంది? సరే, వస్తానన్నాను.

నేను వెళ్లేసరికి ఈరన్న ముందు ఇంటికి కాదు, చేనుకు తీసుకుపోయాడు. క్రాసింగ్ ఎట్లా చేస్తారో చూపించాడు. ఆడ మొక్క మీద మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే వలిచి, దాని సొంత పుప్పొడి తీసేస్తారు. పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి దానికి అద్దుతారు. ఆలస్యమై మొగ్గ దానంతటది విచ్చుకుందా, సొంత పుప్పొడి పడిపోయి ఆ కాయ సీడుకు పనికిరాదు.

"పిల్లల మనసు గూడ గిట్లనే మేడం. తెలుగు ముందుగాల పడిందంటే ఇగ వేరేది పట్టది. అందుకే కరోనా సంది ఇంట్ల పిల్ల ముంగట తెలుగు బంద్ చేసిన" అన్నాడు. ఆ గొంతులో గర్వం ఉంది, ప్రేమ కూడా ఉంది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

మా వృత్తిలో ఇమ్మర్షన్ అని ఒక పద్ధతి ఉంది. నేర్పదలచిన భాషలోనే పిల్లలతో మాట్లాడటం. ఆ భాష ధారాళంగా వచ్చిన మనిషి ఇంట్లో ఉంటే అది మంచిదే. ఇక్కడ సుజాత ఇంగ్లీషు తడుముకుంటూ మాట్లాడుతుంది. ఈరన్నకు అసలే రాదు, అందుకని కూతురితో మాట్లాడటమే మానేశాడు. అతని తల్లి తిమ్మక్క ఎన్నాళ్లని నోరు కట్టుకుని కూర్చుంటుంది? నెలన్నర కింద ఖిల్లా ఘణపూర్‌లోని కూతురింటికి వెళ్లిపోయింది. ఈ సంగతులన్నీ ఈరన్నే చెప్పాడు, గొప్పగా. పిల్లను చూడకుండా తీర్పు చెప్పే అలవాటు లేదు కాబట్టి ఇంటికి చేరేదాకా ఓర్చుకున్నాను.

మేఘన చాప మీద బుద్ధిగా కూర్చుని ఉంది. సుజాత "హౌ ఆర్ యూ?" అని అడిగింది. "ఐ యామ్ ఫైన్, థాంక్యూ" అంది పిల్ల. రంగులు చెప్పింది, జంతువుల పేర్లు చెప్పింది, రెండు ఇంగ్లీషు రైములు గుక్కతిప్పుకోకుండా ఒప్పజెప్పింది. ఈరన్న నా మొహం చూసి మురిసిపోయాడు. కాసేపటికి కూలీలు పిలిస్తే చేనుకు వెళ్లాడు.

అప్పుడు నరేషన్ మొదలుపెట్టాను. అంటే చిన్న కథ చెప్పి, దాన్ని పిల్లనే సొంత మాటల్లో తిరిగి చెప్పమనడం. వంద పదాలు వల్లించే పిల్లకు ఆ భాష నిజంగా వచ్చో రాదో దీనితో తేలిపోతుంది. తప్పిపోయిన మేకపిల్ల కథ ఇంగ్లీషులో చెప్పాను. "గోట్" అంది, "గ్రాస్" అంది, ఆగిపోయింది.

"ఇప్పుడు తెలుగులో అడుగుతా" అన్నాను.

"ఆయన ఒప్పుకోడు మేడం" అంది సుజాత భయంగా.

"ఒప్పుకోకుంటే కరికులం కూడా ఆయన్నే రాసుకోమను" అని, అదే కథ తెలుగులో చెప్పాను. పిల్ల తలెత్తి నన్ను చూసింది. మెల్లగా అందుకుంది. మేక అరిచే దగ్గరికి వచ్చేసరికి మొహం చిట్లించి, ఎడమ చెవిని అరచేత్తో అదుముకుంది.

"ఏమైంది బిడ్డా చెవుకు?"

పిల్ల తల్లి వైపు చూసింది. సుజాత చెప్పమన్నట్టు తలూపింది.

"పోటు పెడుతుంది. రాత్రి తలకింద మెత్త తడుస్తుంది."

"ఎప్పటి సంది?"

"అవ్వ పోయినప్పటి సంది."

సుజాత మొహంలో నెత్తుటి చుక్క లేదు. "మెత్త తడిస్తే నిద్రల కారిన చొల్లు అనుకున్న మేడం. రోజు పొద్దుగాల హౌ ఆర్ యూ అని అడుగుతనే ఉన్న. ఫైన్ అనే చెప్తుండె."

"అమ్మకెందుకు చెప్పలే?" అని పిల్లనడిగాను.

"దాన్ని ఇంగ్లీషుల ఏమంటరో నాకు తెల్వదు."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో ఏ పిల్లా నన్నట్లా ఏడిపించలేదు.

ఈరన్నను పిలిపించి, అందరం గద్వాలకు బయల్దేరాం. దవాఖానలో చెవి డాక్టరు అడిగినప్పుడు మేఘన కట్ట తెగినట్టు మాట్లాడింది. చెవిలో ఏదో గుయ్యిమంటుందని, ఆ పక్కకు పండితే ఓర్వలేక రెండోపక్కకు పండుతున్నానని, తలస్నానం అంటే భయమేస్తుందని అంతా తెలుగులోనే చెప్పింది. ఈరన్న తలుపు దగ్గర నిలబడి విన్నాడు. చీము పట్టి కర్ణభేరికి పెద్ద చిల్లు పడిందని, మొదట్లోనే తెస్తే మందులతో పోయేదని, ఇప్పుడు వినికిడి ఎంత మిగులుతుందో చెప్పలేనని డాక్టరు అన్నాడు.

బయట బల్ల మీద ఈరన్న కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

"నాకైన చెప్పకపోతివి బిడ్డా."

"నువ్వు నాతోని మాట్లాడవు గద నాయినా" అంది పిల్ల. అందులో నిష్ఠూరం లేదు. ఉన్నమాట చెప్పింది, అంతే.

"పిల్లను గూడ చేను లెక్కనే చూసిన మేడం" అన్నాడు ఈరన్న. మర్నాడే ఖిల్లా ఘణపూర్‌కు పోయి తల్లిని తీసుకొచ్చుకున్నాడని తర్వాత తెలిసింది.

నాలుగు భాషలు నేర్పడం తప్పని నేననను. ఈ కర్ణాటక సరిహద్దు పల్లెల్లో పిల్లలు తెలుగు, కన్నడం, ఉర్దూ వాకిట్లో ఆడుకుంటూనే పట్టేస్తారు. ఉన్న భాషను పీకేసి ఆ చోట ఇంకొకటి నాటడమే తప్పు. ఫ్రెంచి ఏ వయసులో, లాటిన్ ఏ తరగతిలో అని ఇప్పుడెవరైనా అడిగితే నేను అంకె చెప్పను. మీ పిల్లకు ఎక్కడ నొప్పిగా ఉందో, ఎవరిమీద కోపంగా ఉందో, ఎందుకు భయమేస్తుందో ఏదో ఒక భాషలో పూర్తిగా చెప్పడం వచ్చా అని అడుగుతాను. వస్తే ఏ భాషైనా మొదలుపెట్టుకోండి, లాటిన్ అయినా సరే. రాకపోతే నా దగ్గరికి తర్వాత రండి, ముందు పిల్ల దగ్గర కూర్చోండి అంటాను.

మొన్న ఆ వైపు వెళ్లినప్పుడు వాళ్లింటికి పోయాను. మేఘనకు ఇప్పుడు ఇంగ్లీషు బాగానే వచ్చింది. లాటిన్ ఇంకా మొదలుపెట్టలేదు, ఎవరికీ తొందర లేదు. ఈరన్న చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కూతురికి కుడిపక్కన కూర్చున్నాడు. ఎడమపక్కన కూర్చుంటే ఆ పిల్లకు వినపడదు.