అంజమ్మ కలపనివ్వని గొంతు

2022, వర్షాకాలం. శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లోని ఒక గ్రంథాలయంలో డిజిటల్ ఆర్కైవ్ పని చూస్తున్నాను. పాతవాటిని పాడవకముందే కంప్యూటర్‌లో భద్రపరచడం మా పని. తాళపత్రాలు, నిజాం కాలంనాటి ఉర్దూ పటాలు, గాజు పలకల మీద తీసిన ఫొటోలు, నాటకాల కరపత్రాలు, గ్రామఫోన్ రికార్డులు... ఒక్కోదాన్ని ఒక్కో తీరుగా పట్టుకోవాలి. ఇన్నేళ్లయినా కొత్త పెట్టె తెరుస్తుంటే నాకు అబ్బురంగానే ఉంటుంది.

ఒక రోజు కందుకూరు దగ్గరి పల్లె నుంచి అంజమ్మ అనే రైతు వచ్చింది. యాభై దాటిన మనిషి. గుడ్డలో చుట్టిన ఆడియో క్యాసెట్ నా బల్ల మీద పెట్టింది.

"మా బాపు ఒగ్గుకథ చెప్పేటోడు మేడం. జాతరల మా మామ టేపు చేసిండు. బాపు పోయి శానా ఏండ్లాయె. ఆయన గొంతు గీ టేపులనే ఉన్నది. దుకాణంల అడిగితే పారేయుమన్నరు."

డోలు మోతతో దేవుళ్ల కథలు పాడి చెప్పే కళ ఒగ్గుకథ. క్యాసెట్ లోపల టేపంతా తెల్లగా బూజు పట్టింది.

"ఒక్కసారే మోగుతుందేమోనండి. ఆ తర్వాత పనికిరాకపోవచ్చు" అన్నాను.

"మోగియ్యకపోతే ఏమైతది?"

"అలా ఉంచినా నెమ్మదిగా పాడైపోతుంది."

"గట్లైతే పెట్టుండ్రి. నేను ఈడనే ఉంట."

బూజు తుడిచి, తెగినచోట స్ప్లైసింగ్ చేశాను. అంటే సన్నని అతుకు వేసి టేపును కలపడం. దాన్ని కొత్త డబ్బాలోకి మార్చి, కంప్యూటర్‌కు కలిపిన టేప్‌రికార్డర్‌లో పెట్టి మీట నొక్కాను. కాసేపు గరగర. తర్వాత డోలు, ఒక దగ్గు, గంభీరమైన గొంతు. అంజమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని, తండ్రి ఎదుట కూర్చున్నట్టు సర్దుకుని కూర్చుంది.

మల్లన్న కథ మధ్యలో గొంతు ఆగిపోయింది. అక్కడ టేపు నలిగిపోయింది. అంజమ్మ పెదవులు మాత్రం ఆగలేదు. ఆ చరణాలు ఆమెకు నోటికి వచ్చు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. "మీరు పాడండి, ఆ ఖాళీలో కలిపేస్తాను. కథ పూర్తవుతుంది" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"వద్దు మేడం. బాపు గొంతుల నా గొంతు కలపకుండ్రి. రేపు పిల్లలు ఇంటే, అది గూడ బాపే పాడిండు అనుకుంటరు. పోయింది పోయినట్టే ఉండనీయుండ్రి. నేను పాడేది వేరే పెట్టుండ్రి, నా పేరు మీద."

విమానాలు పోయేదాకా ఆగుతూ, ఆమె పాటను విడిగా రికార్డు చేశాం. వెరపు లేకుండా, తండ్రిని అనుకరించకుండా, తన గొంతుతో తను పాడింది. మా సేకరణలో అంత నిండైన రికార్డింగ్ మరొకటి లేదని నా నమ్మకం.

ఆ సాయంత్రం తండ్రి ఫైలుకు మెటాడేటా, అంటే ఆ వస్తువును పరిచయం చేసే వివరాలు, రాస్తూ "ఇక్కడ టేపు నలిగింది, గొంతు వినబడదు" అని చేర్చాను. చిరిగిన పటానికి అంచు గీయాలనీ, మాసిన ఫొటోలో ముఖం దిద్దాలనీ నాకు ఇప్పటికీ చేతులు ఉవ్విళ్లూరతాయి. దిద్దను. ఉన్నదాన్ని కాపాడటమే కాదు, లేనిదాన్ని లేదని చెప్పడం కూడా నా ఉద్యోగమేనని నాకు అంజమ్మ దగ్గరే తెలిసింది.