కమల గది

ఇన్నేళ్ళుగా ఒక మాట నా నోట్లోనే ఉండిపోయింది. అది నాది కాదు, మా అమ్మది. చేరవలసిన చోటికి చేర్చమని నాకు అప్పగించింది. నేను చేర్చలేదు. మరిచిపోయానంటే ఎవరైనా నమ్ముతారు. కానీ ఒక్క అక్షరం కూడా మరిచిపోలేదు.

మీరు నన్ను ఎరగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నాన్న పోయాక యీషున్‌లోని ఫ్లాట్ అమ్మదయింది. అందులో చివరిదాకా అమ్మతో ఉన్నది అన్నయ్య కాదు, నేనూ కాదు. కమల. నాన్న స్నేహితుడి కూతురు. తల్లిదండ్రులు పోతే పసితనంలోనే అమ్మ తెచ్చి పెంచుకుంది. దత్తత కాగితాలు లేవు. అవసరమని ఎవరికీ తోచలేదు. కమల పెళ్ళి చేసుకోలేదు. క్రాంజీలో కార్మికుల డార్మిటరీకి వంట చేసేది. అక్కడినుంచి వచ్చి అమ్మకు నీళ్ళు పోసేది.

మా వాళ్ళలో వీలునామా రాయడమంటే చావును పిలవడమే. పోయేవాళ్ళు చెప్పదలచుకున్నది పక్కనున్నవాళ్ళకు చెబుతారు. పదకొండో రోజు, భోజనాలకు ముందు, విన్నవాళ్ళు దాన్ని బంధువుల ముందు చెబుతారు. కోర్టులో ఆ మాటకు విలువ లేకపోవచ్చు. మాలో మాత్రం దానికి ఎవరూ ఎదురు చెప్పరు. ఈ దేశం వచ్చి రబ్బరు తోటల్లో పనిచేసిన మా తాతల నాటినుంచీ అంతే. విన్నవాళ్ళు చెప్పకపోతే ఏం చేయాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

అమ్మ ఆస్పత్రిలో ఉన్న చివరి రోజులు. ఆ సాయంత్రం కమల పనిలో ఉంది. నేను రాఫెల్స్ ప్లేస్‌లోని ఆఫీసు నుంచి నేరుగా ఆస్పత్రికి వెళ్ళాను. అమ్మ నా చేయి పట్టుకుంది.

"ఓలమ్మీ, ఇల్లు ఎవులుంచుకున్నా సరే, ఆ రూమ్ కమలది. అది బతికినన్నాళ్ళూ దాన్ని కదపకండి. పదకొండో నాడు నువ్వే సెప్పాల."

"సెప్తానే. మరి నాకేటీ సెప్పవా?"

అమ్మ నవ్వింది. "నీకేటే లోటు? నీకన్నీ ఉన్నాయి కదా."

మర్నాటికి అమ్మ లేదు.

ఆ నవ్వును ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నానో. నేను ఆశించింది ఇల్లు కాదు, బంగారమూ కాదు. నా పేరు మీద ఒక్క మాట. కన్న కూతురిని నేను, చివరి మాట ఆమెకా? ఇలా రాస్తుంటే ఎంత చిన్నగా కనిపిస్తోందో. అప్పుడు మాత్రం నాలో దానికి తప్ప దేనికీ చోటు లేదు. తాము నమ్మినవాళ్ళకే అలాంటి మాట అప్పగిస్తారని, అమ్మ నాకిచ్చింది అదేనని, నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

పదకొండో రోజు అన్నయ్య నావైపు తిరిగాడు. అప్పటికి అతను అద్దె ఇంట్లో ఉండేవాడు.

"అమ్మేటైనా సెప్పిందా? కమలని ఉంచమంటే నేనే ఇక్కడికి షిఫ్ట్ అయిపోతాను, దాని రూమ్ దానికే. లేదంటే సేల్‌కి పెట్టేద్దాం."

వెనక ఎవరో అంకుల్ అన్నాడు: "బేగి సెప్పమ్మా, మకాన్ సల్లారిపోతంది." ఇక్కడ మకాన్ అంటే తిండి. ఇద్దరు ముగ్గురు నవ్వారు. కమల వంటింటి గుమ్మంలో అన్నం గిన్నెతో నిలబడి ఉంది.

"ఏటీ సెప్పలేదన్నయ్యా," అన్నాను.

కమల తల ఎత్తలేదు. వడ్డన మొదలుపెట్టింది. మొదటి ఆకు నాదే. తిన్నాను.

ఇల్లు అమ్ముడుపోవడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో ఏ రోజైనా చెప్పి ఉండవచ్చు. ఎందుకు చెప్పలేదు? మొదట కోపం వల్ల. కోపం పోయాక సిగ్గు వల్ల. ఆ తర్వాత, ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని అడుగుతారని. ఇంట్లోకి ఎవరో చేరాక, ఇక లాభం లేదని. ప్రతిసారీ నాకొక కారణం దొరికింది.

కమల ఎవరెవరి ఇళ్ళలోనో గదులు అద్దెకు తీసుకుంటూ బతికింది. చాలాచోట్ల పొయ్యి వెలిగించనివ్వలేదు. అంతమందికి వండే మనిషి హాకర్ సెంటర్‌లోని తిండి కొట్ల నుంచి పొట్లం తెచ్చుకుని మంచం మీద కూర్చుని తినేది. నేను వస్తానంటే ఫోన్‌లో అనేది: "ముందు సెప్పి రా అక్కా. ఒకటే కుర్చీ, టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ సేస్తాను." హాకర్ సెంటర్‌లో అందరూ సీటు ఆపుకునేది అలాగే కనక నవ్వేదాన్ని. వెళ్ళేసరికి నిజంగానే కుర్చీ తుడిచి, దాని మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఉంచేది.

ఆమెకు తెలుసా? అమ్మ ఆమెతో కూడా చెప్పిందా? అడగలేదు. అడిగితే ఉన్నదంతా బయటపడుతుంది. ఇప్పుడు అడగడానికి కమల లేదు. అద్దె గదిలో నిద్రలోనే పోయింది. ఇంటామె నాకు ఫోన్ చేసింది. దగ్గరివాళ్ళు ఎవరంటే కమల నా నంబరు ఇచ్చి ఉంచిందట. పాపం, ఆమె మర్యాదగానే అడిగింది, గది ఎప్పుడు ఖాళీ చేస్తారని. వెళ్ళి సర్దాను. ఒక సంచిలో అంతా పట్టింది.

రేపు కమల పదకొండో రోజు, మా ఇంట్లోనే. కమల ఏమైనా చెప్పిందా అని అన్నయ్య అడుగుతాడు, అలవాటు కనక. పోయేటప్పుడు కమల పక్కన ఎవరూ లేరు, ఆమె మాట ఎవరి దగ్గరా లేదు. నా దగ్గరున్నది అమ్మ మాట ఒక్కటే. దానితో ఇప్పుడు ఎవరికీ ఒరిగేదేమీ లేదు. యీషున్‌లో ఆ గది కిటికీ బయట ఇంకెవరి బట్టలో ఆరుతున్నాయి. రేపు నా గొంతు పెగులుతుందో లేదో నాకు తెలియదు. ఇన్నేళ్ళ నన్ను చూసి చెప్పమంటే, పెగలదనే అంటాను. అందుకే ముందు ఇక్కడ పెడుతున్నాను, మీరైనా విన్నవాళ్ళవుతారని.

అమ్మ చెప్పింది. ఆ గది కమలదని చెప్పింది. నేను విన్నాను.