నొప్పి లేని ఏడాది

"ఆదివారం మనింట్లో కృతజ్ఞత కూడిక అని పాస్టరమ్మగారికి చెప్పేశాను. ఇప్పుడు వద్దంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నాను.

"నన్నడిగే చెప్పావా అమ్మా?" అంది మా అమ్మాయి. అప్పుడే వృద్ధుల కేర్‌హోమ్ డ్యూటీ నుంచి వచ్చి, కోటైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"దేవుడికి స్తోత్రం చెప్పుకోవడానికి నీ పర్మిషన్ కావాలా? కడుపు పట్టుకుని ముడుచుకోవడం నువ్వు మానేసి ఏడాది దాటింది. చికెన్ కూడా ఆఫర్‌లో ఉంటే తెచ్చేశాను."

"ఆఫర్ వచ్చిందని కూడిక పెడతావా?"

"వెటకారాలు మాని తలుపు మూసెయ్. హీటింగ్ ఊరికే రావట్లేదు."

తలుపు మూసింది. "కూడికంటే నేను లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలమ్మా. నాకు స్వస్థత వచ్చిందని. అందరి ముందూ, ప్రభువు ముందూ నన్ను అబద్ధం చెప్పమంటావా?"

అందులో అబద్ధమేముందో నాకు తెలియలేదు.

తను ఇంటర్ చదివేటప్పుడు మొదలైంది ఈ జబ్బు. గుంటూరులో పొట్టకు స్కానింగ్ తీసి, పాంక్రియాస్ నిండా, అదే క్లోమం నిండా, రాళ్లున్నాయన్నారు. ఆ డాక్టరు నా వంక చూసి, ఇది ఎక్కువగా తాగేవాళ్లకొచ్చే జబ్బు, మీ అమ్మాయి తాగుతుందా అని అడిగాడు. రెండు జడలేసుకున్న పిల్ల. మందు వాసన కూడా ఎరగదు. తను ఇంగ్లండ్‌లో ఈ లీడ్స్‌కి వచ్చాక ఇక్కడి జీపీ డాక్టరు కూడా మొదట అదే అడిగాడు. మా సంఘంవాళ్లు అడగలేదు. అడగకుండానే అనుకున్నారు. అందుకే వాళ్లందరి ముందూ ఈ కూడిక జరగాలని నా పట్టుదల.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఈ జబ్బు పేరు రాయమంటే తప్పులు పోతాయి. అది నడిచిన తీరు మాత్రం దగ్గరుండి చూశాను. మొదట నొప్పి. తిన్న కాసేపటికి పొట్ట పైన పుట్టి వీపులోకి పొడిచేది. అన్నం కంచం చూస్తేనే తను భయపడేది. కొన్నేళ్లకు తిన్నది ఒంటబట్టడం మానేసింది. విరేచనం జిడ్డుగా నీళ్లమీద తేలేది. అరగడానికని తిండితోపాటు మింగమని క్యాప్సూల్స్ ఇచ్చారు. ఆ తర్వాత షుగర్ వచ్చింది, ఇన్సులిన్ మొదలైంది. మనవరాలిని చూసుకోవడానికని నన్ను ఇక్కడికి పిలిపించుకుంది గాని, నేను ఎక్కువగా చూసుకున్నది తననే. నొప్పి వస్తే సింకు అంచు పట్టుకుని వంగిపోయేది. నేను వీపు రాస్తూ ప్రార్థన చేసేదాన్ని.

అలాంటిది, పోయిన చలికాలం నుంచి నొప్పి రాలేదు. మొదట్లో నమ్మలేదు. నెలలు గడిచాక నమ్మి, గిన్నెలు కడుగుతూ పాటలు పాడుకోవడం మొదలుపెట్టాను.

"నొప్పి పోవడం నయమవడం కాకపోతే మరేమిటే?" అని అడిగాను.

కుర్చీలో కూలబడింది. "నొప్పి పుట్టడానికి కూడా లోపల ఏం మిగల్లేదమ్మా. ఇన్నేళ్లూ ఆ రాళ్లూ వాపూ కలిసి పాంక్రియాస్‌ని తినేశాయి. ఎండిపోయింది. కొందరికి అలా అవుతుందని కన్సల్టెంట్ చెప్పారు."

"ఎప్పుడు?"

"ఎండాకాలంలో."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు పాటలు పాడుకుంటున్నావు. ఎట్లా చెప్పను?"

మనవరాలు మెట్లమీద నుంచి తొంగిచూసి, ఆదివారం బిర్యానీ ఉందా లేదా అని ఇంగ్లీషులో అడిగింది. "నీకు హోంవర్క్ ఉంది, పో" అన్నాను. వెళ్లిపోయింది.

"మరి ఇట్లా చిక్కిపోతున్నావేం? క్యాప్సూల్స్ మానలేదుగా?"

"మానలేదు. ఇలా చిక్కిపోవడం చూసే డాక్టర్లకీ అనుమానం వచ్చింది. షుగర్ కూడా ఉన్నట్టుండి పెరిగింది. ఇన్నేళ్లు పాడైన పాంక్రియాస్‌లో గడ్డ పుట్టే భయం ఉందట. రేపు పొద్దున స్కాన్. డ్యూటీ రోటా మార్పించుకున్నాను. నీకు చెప్పకుండా వెళ్లొద్దామనుకున్నా."

"గడ్డంటే?"

"అమ్మా, నీకు తెలుసు."

"ఒక్కదానివే బస్సెక్కి పోదామనుకున్నావా? నేనింకా బతికే ఉన్నానుగా" అన్నాను. గట్టిగానే అన్నాను. లేచి చికెన్ తీసి ఫ్రీజర్‌లో పెట్టాను.

పొద్దున్నే పాస్టరమ్మగారికి ఫోన్ చేసి, కూడిక వద్దన్నాను.

"మళ్లీ నొప్పి వచ్చిందా ఆంటీ?"

"లేదండీ."

"మరెందుకు వద్దంటున్నారు?"

"మా అమ్మాయి కోసం ప్రార్థన చెయ్యండి. అంతే."

అలాగే చేస్తామన్నారు ఆవిడ. స్కాన్‌కి ముందు తను ఏమీ తినకూడదన్నారు, నేనూ టీ పెట్టుకోలేదు. మనవరాలు స్కూలుకి వెళ్లాక ఇద్దరం బస్సెక్కాం. ఆసుపత్రిలో పేరు పిలిస్తే తను లోపలికి వెళ్లింది. నన్ను తలుపు దగ్గరే ఆపేశారు. ఏం కనిపించిందో అక్కడ చెప్పలేదు, కన్సల్టెంట్ ఫోన్ చేస్తారన్నారు. ఇంటికొచ్చి అన్నం వడ్డించాను. తను క్యాప్సూల్స్ మింగి, తినగలిగినంత తింది.