వహాబ్ సాబ్ గుసగుసల రేడియో

గద్వాలలో చాయ్ హోటల్ నడిపే అబ్దుల్ వహాబ్‌కు ఒకటే పిచ్చి. రేడియో పెడతాడు, వినబడనియ్యడు. బ్యాటరీ పక్కనున్న మర తిప్పి వోల్టేజి తగ్గించేస్తాడు. లోపలి గాజు వాల్వుల్లో తీగలు ఆరిపోయే బీడీ కొసలా మినుకుమంటే చాలంటాడు.

"సాబ్, ఇవి వార్తలా, దోమ పాటనా?" అన్నాడు హోటల్లో చాయ్ అందించే జయరాజు, పెట్టెకు చెవి ఆనించి.

"నువ్వు మాట్లాడకు. దోమ వినబడ్తలేదు."

"జర ఓల్టు పెంచితే నీదేం పోతది?"

"తీగ పోతది. ఎంత ఎక్కువ మండితే అంత తొందర్గ తెగుతది. తక్కువల పెడితే శానా దినాలు బతుకుతది."

యుద్ధం రోజులు. హైదరాబాదులో కూడా వాల్వులు దొరకడం లేదు. అయినా ఊరు వహాబ్‌ను పిసినారి అనే అన్నది. జనం పోగైతే పెట్టె మీద దుప్పటి కప్పేవాడు. "నన్ను గూడ గింత పైలంగ జూస్కోలే," అని నెత్తి కొట్టుకునేది భార్య కుల్సుమ్‌బీ.

పల్లీలమ్ముకునే జోగులమ్మ మాత్రం ఏమీ అనేది కాదు. ఆమె కొడుకు హన్మంతు పటాలంలో చేరి బర్మా పోయాడు. బతికాడో లేడో తెలియదు. ఆమెకు చెముడు, గట్టిగా అంటేనే వినబడేది. రేడియోలో సిపాయిలు ఇంటికి పంపే కబుర్లు వచ్చే వేళకు గంప దించి, వహాబ్ మొహం చూస్తూ కూర్చునేది.

"ఇయ్యాల రాలేదమ్మా," అనేవాడు వహాబ్, ఆమె చెవి దగ్గరకు వంగి.

"ఇంకెన్ని దినాలు బతుకుతది సాబ్, నీ పెట్టె?"

"నీ కొడుకు కబురొచ్చేదాక సావనియ్య."

గంప నెత్తికెత్తుకొని, మబ్బు పట్టిన మొహంతో ఇంటికి పోయేది. చలికాలం పోయింది, ఎండలు పోయాయి.

ఒక ముసురు సాయంత్రం, జోగులమ్మ ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుని ఉండగా, పెట్టెలోంచి సన్నగా "గద్వాల హన్మంతు" అని వినిపించింది. వహాబ్ ఎగిరి మర కొసదాకా తిప్పేశాడు. హోటలంతా దద్దరిల్లింది.

"అమ్మా, దవాఖానల ఉన్న. కాలుకు దెబ్బ తగిలింది. పానం బాగనే ఉంది. ఏడ్వకు, వస్త..."

వాల్వు భగ్గున వెలిగి ఆరిపోయింది. పెట్టె మూగబోయింది.

జోగులమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే బెదిరిపోయింది. "అయ్యో, నా కోసమే ఖరాబ్ చేసుకుంటివా సాబ్?"

"నీ కోసమే దాస్తిని గదమ్మా."

జయరాజు కళ్లు తుడుచుకొని ఆమె చేతిలో చాయ్ పెట్టాడు. ఆమె ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"కోపం జేసుకోకు సాబ్. నీ మనసు బంగారం గని, నీ చాయ్ ఉత్త కడుగునీళ్లు."

హోటలంతా గొల్లున నవ్వింది. వహాబ్ నవ్వు వీధి చివరిదాకా వినబడింది.