పిట్ట వాటా

నాయన పోయిన ఏడాదికి భూముల పంపకం పెట్టుకున్నాం. ఆడపిల్లకూ వాటా ఇవ్వాలని నాయన బతికుండగానే తమ్ముడికి గట్టిగా చెప్పి ఉన్నాడు. అందుకని ఏది కావాలో ముందు నన్నే అడిగారు. నేను బీడు అడిగాను. తమ్ముడు నవ్వాడు. పెద్దమనుషులుగా వచ్చిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గడివేముల నుంచి మిడుతూరు వైపు పోయే దారిలో, మా ఊరికి ఎగువన, పదహారు ఎకరాల గులకరాళ్ల ఎర్రనేల అది. అందులో గడ్డి తప్ప ఎప్పుడూ ఏమీ పండలేదు.

"నల్లరేగడి ఈడ పెట్టుకోని ఆ రాళ్లు ఏం చేసుకుంటావక్కా?" అన్నాడు తమ్ముడు.

"పిట్టలు మేపుకుంటా" అన్నాను.

నాకు చిన్నప్పటి నుంచీ నోరు ఎక్కువ. నంద్యాలలో బడిపంతులమ్మ ఉద్యోగం వచ్చాక అది ఇంకా పెరిగింది. ఆ నోటితోనే అందరి ముందూ ఇంకో మాట అనేశాను. రెండు వానకాలాలు చూస్తాను, ఈలోగా బట్టమేక నా బీడులో గుడ్డు పెట్టకపోతే ట్రాక్టరు నేనే పిలిపించి దున్నిస్తాను అని. ఎవరూ నన్ను ఆ పందెం అడగలేదు.

బట్టమేక అంటే మా వైపు గడ్డి బీళ్లలో తిరిగే పెద్ద పిట్ట. మనిషి నడుము ఎత్తుంటుంది. తెల్లటి మెడ, నెత్తిన నల్లటి టోపీ, గోధుమరంగు వీపు. ఎగరడం చేతకాక కాదు గానీ నడకంటేనే దానికి ఇష్టం. ఏడాదికి ఒకటే గుడ్డు, అదీ గూడూ గీడూ లేకుండా కటిక నేల మీద పెడుతుంది.

డెబ్బైల్లో, పెళ్లయి ఆళ్లగడ్డకు వెళ్లక ముందు, నేను ప్రతి ఏడూ గడ్డి కోతకు పోయేదాన్ని. దీపావళి దాటాక పది పదిహేను మంది వరసగా కూచుని కోసుకుంటూ పోయేవాళ్లం. ఎవరి ముందైనా పిట్ట పొదుగుతూ కనిపిస్తే వాళ్లు కొడవలి పైకెత్తేవాళ్లు. అంతే, వరస మొత్తం అక్కడ వంపు తిరిగేది. బండి తిరిగేటంత మేర గడ్డి కోయకుండా వదిలేసేవాళ్లం. దాన్ని పిట్ట వాటా అనేవాళ్లు. ఎద్దులకు ఎంత కరువొచ్చినా ఆ గడ్డి ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. కోసిన బీడు మధ్యలో ఆ గుండ్రటి గడ్డి గాలికి ఊగుతుంటే నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను.

ఎనభైలు వచ్చేసరికి ఎద్దులు తగ్గాయి. ట్రాక్టర్లు నంద్యాల నుంచి బారులు తీరి వచ్చాయి. ఎద్దులే లేనప్పుడు గడ్డి ఎవరికి కావాలి? పొద్దుతిరుగుడు వేద్దామని ఒకరు, పత్తి వేద్దామని ఒకరు, ఒక్కో బీడూ దున్నేశారు. వాళ్లను తిట్టుకున్నాను గానీ, పిల్లల్ని చదివించుకోవాలన్న వాళ్ల ఆశను మాత్రం తప్పు పట్టలేకపోయాను.

బీడు నా చేతికి రాగానే చుట్టూ ముళ్లకంప కంచె కొట్టించాను. మొత్తం పదహారు ఎకరాలూ పిట్ట వాటా చేసేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. కోత మానిపించాను. ప్రతి ఎండాకాలం నాయన కాలం నుంచి ఆ బీడులో మంద మేపుకునే గొర్రెలాయన ఉండేవాడు. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. ఆయన్ను దారిలో ఆపి ఇక రావద్దని చెప్పాను.

"గొర్రె తిరగని బీట్లో ఆ పిట్ట నిలవదు తల్లీ" అన్నాడు.

"నీ గొర్రెల కోసం ఎన్నైనా చెప్తావన్నా" అన్నాను. పెద్ద మనిషితో అనాల్సిన మాట కాదది. ఆయన కర్ర భుజాన వేసుకుని, మందను తోలుకుని వెళ్లిపోయాడు. ఆళ్లగడ్డ వైపు కొండల కిందికి పోయాడని తరువాత తెలిసింది.

మొదటి వానకాలం గడ్డి మోకాలు దాటింది. రెండో వానకాలం పాత ఎండుగడ్డి మీదే కొత్తది లేచి నా నడుము దాకా వచ్చింది. ప్రతి ఆదివారం చర్చి అయిపోగానే బస్సెక్కి వెళ్లి గట్టు మీద నిలబడి మురిసిపోయేదాన్ని. గడ్డి ఉంది. పిట్ట లేదు. వస్తుందిలే అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

ఒక ఆదివారం తమ్ముడు గట్టు మీదికి వచ్చాడు. నా బీడు పక్కనే వాడికీ ఇంకా దున్నని బీడు ముక్క ఒకటి ఉంది. కంచె లేదు కాబట్టి ఊళ్లో మేకలూ గొర్రెలూ అన్నీ అక్కడే మేసేవి.

"నీ పిట్ట నా బీట్లో తిరుగుతాందక్కా" అన్నాడు. "ఏందీ, కిరాయికి ఉంచుకోమంటావా?"

వాడు చూపించిన వైపు చూశాను. జానెడు గడ్డిలో తెల్లటి మెడ. రెండడుగులు వేసి, ఆగి, నాలుగు వైపులా చూసి, మళ్లీ రెండడుగులు వేస్తోంది. నా నడుమెత్తు గడ్డి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నాకు కోపం వచ్చింది, ముందు తమ్ముడి మీద, తరువాత పిట్ట మీద. ఇంటికొచ్చే బస్సులో గానీ అసలు కోపం ఎవరి మీద రావాలో తెలియలేదు. నాయన పిట్ట కోసం బీడు ఉంచలేదు. ఎద్దుల కోసం ఉంచాడు. ఎండాకాలం గొర్రెలు కొరికి, దీపావళికి మనుషులు కోసి ఆ గడ్డిని పొట్టిగా ఉంచినందుకే పిట్ట అక్కడ బతికింది. నేను మాత్రం కోయకుండా వదిలిన ఆ గుండ్రటి ముక్కనొక్కదాన్నే గుర్తుపెట్టుకుని, కోసిన బీడునంతా మరిచిపోయాను.

వానలు ఆగాయి. తమ్ముడు పందెం గుర్తుచేశాడు. "మాటంటే మాటేనక్కా. ట్రాక్టరు చెప్పేదా?"

"మాట తప్పుతాండా" అన్నాను. "ఊరంతా చెప్పుకో. ఇంకో వానకాలం దున్నేది లేదు."

వాడు నిజంగానే ఊరంతా చెప్పాడు. నేను లెక్కచేయలేదని రాస్తే అబద్ధం. చాలా సిగ్గుపడ్డాను. అయినా ట్రాక్టరును మాత్రం గట్టు దాటనివ్వలేదు.

బడికి సెలవు పెట్టి ఆళ్లగడ్డ వెళ్లాను. అక్కడే ఉంటున్న మా ఆయన తన సైకిలు మీద నన్ను కొండ కింది దాకా తీసుకెళ్లాడు. "సన్మానానికి పోతాండావా, క్షమాపణకా?" అని దారి పొడుగునా ఏడిపిస్తూనే ఉన్నాడు. గొర్రెలాయన తుమ్మచెట్టు కింద కూచుని కంబళి కుట్టుకుంటున్నాడు.

"తప్పు నాదేన్నా. మందను తోలుకోనిరా" అన్నాను.

ఆయన కుట్టు ఆపలేదు. "కంప తీసేస్తావా?"

"నిన్ననే తీసేయించినా."

"ఆ పిట్టకు కనుచూపు కావల్లమ్మా. నక్క యాడుందో కానరాకపోతే అది గుడ్డు పెట్టదు. దాని పిల్ల కోడిపిల్లంత ఉంటాది, నడుమెత్తు గడ్డిలో యాడ నడుస్తాది?" దారం కొరికి, కంబళి దులిపి లేచాడు. "తొలి వాన దాకానే మేపుతా. ఆ మీంద నువ్వు బతిమాలినా నిలపను. మీ నాయన పెట్టిన కట్టు అది."

ఎండుగడ్డిని మనుషుల్ని పెట్టి కోయించాను. ఎండాకాలమంతా ఆయన మంద అక్కడే తిరిగింది. తొలి వాన పడగానే అన్నమాట ప్రకారం తోలుకుపోయాడు. అదే వారం తమ్ముడు తన బీడు ముక్కను దున్నించాడు. వద్దని చెప్పడానికి ఇప్పుడు నాకు నోరు లేదు.

వానకాలం సగంలో ఒకరోజు గొర్రెలాయన నంద్యాలలో మా బడి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పట్నం మొహం చూసి ఎరగని మనిషి. "బేగా రామ్మా" అన్నాడు, అంతే. హెడ్మాస్టరుకు తలనొప్పని చెప్పి వచ్చేశాను. ఇద్దరం గట్టు వెనక బోర్లా పడుకున్నాం. మోకాలి కిందికున్న గడ్డిలో బట్టమేక పెట్ట నడుస్తోంది, దాని వెనకే పిల్ల. ఏడుపొచ్చింది నాకు. దాచుకోలేదు.

చూస్తుండగానే పెట్ట మా తమ్ముడి చేను అంచు దాకా వెళ్లింది. దున్నిన పెళ్లల ముందు ఆగింది. కాసేపు అలాగే నిలబడి వెనక్కి తిరిగింది. ఎదురు దిక్కున మిడుతూరులో ఉండే ఒక పెద్దాయన బీడు ఉంది. పిల్లను వెంటేసుకుని పెట్ట నేరుగా అందులోకి నడిచిపోయింది. దానికి నా గట్టూ ఒకటే, పక్కవాడి గట్టూ ఒకటే. నా బీడు, నా పిట్ట అని మూడేళ్లుగా ఎగిరెగిరి పడ్డాను. దాని నడక చూస్తే నా పదహారు ఎకరాలు దానికి ఏ మూలకూ చాలవు.

"పెద్దాయన ఎండాకాలం ఆ బీడు దున్నిస్తాడంట" అన్నాడు గొర్రెలాయన.

లేచి చీరకంటిన మట్టి దులుపుకున్నాను. ఆ మధ్యాహ్నమే మిడుతూరు వెళ్లి ఆయన అరుగు మీద కూచున్నాను. అంతకు ముందు ఆయనతో ఒక్క మాటైనా మాట్లాడిన దాన్ని కాదు. చెప్పాల్సిందంతా చెప్పాను, నేను చేసిన తప్పుతో సహా.

ఆయన అంతా విని, "నీ పిట్టకు నా భూమి యాలమ్మా?" అన్నాడు.

"నాది కాదు. ఇప్పుడు మీ బీట్లోనే ఉంది, పిల్లతో" అన్నాను.

నేను అరుగు మీదే కూచున్నాను. సాయంత్రం బస్సు కూడా పోయింది. లోపల్నించి ఆయన భార్య కాఫీ తెచ్చిచ్చింది. తాగాను, కానీ లేవలేదు. ఆఖరికి ఆయనే నవ్వి, "ఈ ఏడుకు దున్నన్లే, పో తల్లీ" అన్నాడు.

పై ఏడు మళ్లీ వస్తానని చెప్పి లేచాను. పై ఏడు వెళ్లాను, ఆ తరువాతి ఏడూ వెళ్లాను. రెండోసారి నుంచి ఆయన భార్య నన్ను చూడగానే అరుగు మీద చాప వేసేది.