పగులు మీద అద్దం

పొద్దుగాల ఏడింటి బస్సు జహీరాబాద్ నుంచి న్యాల్‌కల్ దిక్కు పోతుంటే, ఒక మూలమలుపు తిరిగినంక ఎడమచేతి పక్క ఆ ఇల్లు వస్తుండె. బస్సే పోతుండె అనాలె గని, నాకు ఎన్నడూ అట్ల అనిపియ్యలే. చెరుకు మడి పక్కకు జరిగి, ఇల్లే నా కిటికీ కాడికి నడిచొచ్చి, జరసేపు నిలవడి మల్ల ఎనకకు పోయినట్టుండేది.

ఆ బస్సుకు నేను కండక్టర్‌ను. పదకొండేండ్ల సంది అదే తొవ్వ. ఎర్రరాతి గోడలు, మట్టి మిద్దె, నీలం దర్వాజ, దానికి అటొకటి ఇటొకటి అరుగు. అంతే ఆ ఇల్లు. మేమేమో హైవే పక్కకు కిరాయి ఇంట్ల ఉంటుంటిమి. లారీ పోయినప్పుడల్ల చెంబులు, గిన్నెలు గడగడమనేటివి. అందుకేనేమో, చుట్టూ చెరుకు, అల్లం మళ్లు ఉన్న ఆ ఇంటి మీద నా మనసు పడ్డది. టికెట్లు కొట్టుకుంట కొట్టుకుంటనే అందుల సామాన్లు సర్దిన. ఒక రోజు ఎడమ అరుగు మీద కూసొని చాయ తాగిన, ఇంకోరోజు మిద్దె మీద మిరపకాయలు ఎండవోసిన. ఏడుంబావుకు ఆ ఇంట్ల దిగుతుంటి, ఏడు పదహారుకు మల్ల బస్సుల ఉంటుంటి. మా డ్రైవరన్న మాత్రం నన్ను ఊకె ఉండనియ్యడు. "నీ బంగ్లా వచ్చింది, హారన్ కొట్టాల్నా?" అనేటోడు.

పోయినేడు ఎండాకాలంల నీలం దర్వాజ మీద సుద్దతోటి "ఇల్లు అమ్మబడును" అని రాసి కనపడ్డది. టికెట్ మిషన్ పట్టుకొని అట్లనే నిలవడ్డ. ఎనుక సీటు ముసలామె "ఏం బిడ్డా, నిలవడే నిద్రవోయినవా, టికెట్ ఇయ్యి" అన్నది.

ఆ ఇల్లు ఒక అల్లం రైతుది. రోడ్డుకు అవతలి పక్క కొత్తగ స్లాబు ఇల్లు కట్టుకుంటున్నడు. ఇది అమ్ముడుపోతేనే అది అయ్యేది. ఆయన భార్య నాకన్న చిన్నది, మొదటి రోజే అక్కా అన్నది, నేను చెల్లె అన్న. నాలుగేండ్ల బిడ్డ ఆమె కొంగు పట్టుకొనే తిరిగేది. నేనైతే ఆ పూటనే బయానా పైసలు ఇచ్చేద్దునేమో. మా ఆయన ఆపిండు. ఆయన ట్రాక్టర్లు తయారయ్యే కాడ పని చేస్తడు.

"ఒక బండి గేటు దాటాలంటే మా కాడ నలుగురు కిందికి మీదికి చూస్తరు. నువ్వు బస్సు కిటికీలకెళ్లి చూసి ఇల్లు కొంటవా?" అన్నడు.

"నన్ను చేసుకునేటప్పుడు నువ్వెవరితోటి చెక్ చేపిచ్చినవ్?"

"మా మేనమామతోటి. రెండు నెలలు చెక్ చేసిండు. ఆయన చూడనిది ఒక్క నీ నోరే."

అట్ల ఒక ముసలి మేస్త్రి సాబ్‌ను పట్టుకొచ్చిండు. ఆయన పాత దర్గాలు, పాత గడీలు బాగు చేసి చేసి గడ్డం నెరిసిన మనిషి. ఉర్దూల రాసుకునే చిన్న నోటుబుక్కు, ఒక సుత్తె, దారానికి కట్టిన ఇనుప గుండు, ఒక టార్చిలైటు. అంతే సరంజామ. ఆయన షర్తు ఒక్కటే. ఇల్లు పూర్తిగ చూసేదాంక ఆ ఇంట్ల చాయ తాగడు. "వాళ్ల చాయ తాగినంక నిజం చెప్పుడు కష్టమైతది బేటీ" అన్నడు.

మా ఆయన గుడ ఒక షర్తు పెట్టిండు. గోడ కదులుతున్నదని మేస్త్రి సాబ్ అంటే ఆ ఇంటి మాట మల్ల ఎత్తొద్దు. నేను తలూపిన. గోడలు ఎక్కడన్న కదుల్తయా అని మనసుల నవ్వుకున్న.

పోయేసరికి ఇల్లంత తెల్లగ మెరుస్తున్నది. మేము వస్తున్నమని చెల్లె రెండు రోజులు కూసొని లోపలి గోడలన్నిటికి సున్నమేసింది. మా దిక్కు అంతే, కొత్త మనుషులు ఇల్లు చూడొస్తున్నరంటే గోడలు మాసి ఉండొద్దు. మేస్త్రి సాబ్ గడప కాడనే నిలవడ్డడు.

"దవాఖానకు పోయేటప్పుడు పౌడర్ పూసుకపోతరా బేటీ? నేను రోగం చూడొచ్చిన."

"మొఖం కడుక్కోకుండ ఎట్ల రమ్మంటవ్ చాచా?" అన్నది చెల్లె. ముసలాయన నవ్విండు.

ఆ రోజు ఆయన చూసిన తీరు నేను మర్వలే. ఒక్కొక్క అర్రల తలుపు దగ్గరికేసుకొని ముందు ఉత్తగ కూసుండేది. ఏం చేయడు. గోడతోటి ముచ్చట పెడుతున్నడా అనిపిస్తుండె. అటెన్క లేచి సుత్తెతోటి మెల్లగ కొట్టుకుంట, చెవి ఒగ్గి ఇనేది. మిద్దె ఎక్కి నడిచిండు. దూలాలను ఒక్కొక్కటి మొలతోటి పొడిచి చెదలు చూసిండు. ముందటి మూడర్రల టేకు దూలాలు ఇంక మూడు తరాలు ఉంటయన్నడు. ఎండ నీలం దర్వాజల నుంచి వచ్చి నేల మీద పరుచుకున్నది. నేను ఆ ఎండల నిలవడి, మా టీవీ ఎక్కడ పెట్టాల్నో, ఊయల ఎక్కడ కట్టాల్నో చూసుకుంటున్న.

ఎనుక అర్రల మాత్రం జరసేపు ఎక్కువ కూసున్నడు. ఒక మూలకు విత్తనపు అల్లం సంచులు నిలువెత్తు పేర్చి ఉన్నయి, ఆ పక్కకే మంచం. తడిబట్ట తీసుకొని సున్నం మీద తుడిస్తే, దారపు పోగంత సన్నంగ ఒక పగులు బయటపడ్డది. ముందటర్రల ఒకటి, నడిమర్రల ఒకటి గుడ దొరికినయి.

"పగుళ్లు రెండు తీర్లు," అన్నడు. "ఎప్పుడో గోడ కదిలి, పగిలి, ఆగిపోయింది సచ్చిన పగులు. దానితోటి ఫికర్ లేదు. ఇంక కదులుతున్నది బతికున్న పగులు. చూస్తే రెండు ఒక్కతీర్గనే ఉంటయి. ఒక వానాకాలం పోతేగని చెప్పరాదు."

మూడు సన్నని గాజు పట్టీలు తీసి, ఒక్కొక్క పగులు మీద అడ్డంగ పెట్టి, రెండు కొసలకు సిమెంటు అద్దిండు. గోడ ఇసుమంత కదిలినా గాజు పగుల్తదట. వానలు పడనియ్యిరి, మల్ల వస్త అని చాయ తాగకుంటనే పోయిండు.

మిరుగం కార్తె పెట్టింది. వానలు మొదలైనయి. అల్లం సంచులు మూలకెళ్లి మడిలకు పోయినయి. నాకు, చెల్లెకు మధ్యల ఒక లెక్క కుదిరింది. బస్సు మలుపు తిరిగేసరికి ఆమె దర్వాజల నిలవడి మూడు వేళ్లు చూపిచ్చేది. మూడు గాజులు మంచిగున్నయని. నేను కిటికీలకెళ్లి చెయ్యి ఊపేది. డ్రైవరన్న హారన్ కొట్టేది. అద్దాల మీద వాన ధారలు కడుతుంటే ఆమె చెయ్యి, నీలం దర్వాజ, ఎర్రగోడ అన్నీ కలిసిపోయి నీళ్లల్ల ఈదుతున్నట్టుండేటివి. ఆ నెలన్నర నేను నేల మీద నడిచిన యాది లేదు. కిరాయి ఇంట్ల గిన్నెలు గడగడమంటే, ఇంకెన్ని రోజులు కొట్టుకుంటయో కొట్టుకోనీ అనుకునేదాన్ని.

ఒక శనివారం న్యాల్‌కల్ నుంచి తిరిగొచ్చేటప్పుడు చూస్తే చెల్లె దర్వాజల లేదు, రోడ్డు మీద ఉన్నది. జహీరాబాద్ అంగడికని బస్సెక్కి నా పక్కకే కూసున్నది. ఆడోళ్లకు పైసలు లేకుండ ఇచ్చే జీరో టికెట్ కొట్టి ఇచ్చిన. దాన్ని మడతలు పెట్టుకుంట అన్నది:

"అక్కా, మొన్న గురువారం ఎనుక అర్రల గాజు పగిలింది. తెల్లారితే శుక్కురారం, పగిలిన గాజు ఇంట్ల ఎట్ల ఉంచుకుంట? తీసి పారేసిన. ఆ జాగ బోసిగ కనపడ్డది. నా బొట్టుపెట్టె మూతకుండే అద్దం ఊడదీసి, కొత్తింటి సిమెంటు పెట్టి అంటిచ్చిన. మేస్త్రి చాచా కోపం చేస్తడా?"

ఇల్లు పాయె అనుకున్న. నా కండ్ల ముంగట మా ఆయన మొఖం కనపడ్డది.

"మీ ఆయనకు చెప్పినవా?" అన్న.

"లేదక్కా. ఆయన స్లాబు రందిల ఉన్నడు."

"ఏం కాదు తియ్యి," అన్న. ఆ మాట అంత అల్కగ ఎట్ల వచ్చిందో నాకు ఇప్పటికీ సమజ్ కాదు. తెల్లారి ఆమె మల్ల మూడు వేళ్లు చూపిచ్చింది. నేను మల్ల చెయ్యి ఊపిన. మా ఆయన "గాజులు ఎట్లున్నయి?" అని అడిగితే "ఉన్నయి" అన్న. అట్ల తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులు గుడ కిటికీలకెళ్లి ఆ ఇంట్ల దిగిన, అరుగు మీద కూసున్న, ఊయల ఊగిన. ఎనుక అర్రలకు మాత్రం పోలే.

పదో రోజు మేస్త్రి సాబ్ వచ్చిండు. ముందటిది చూసిండు, గాజు మంచిగున్నది. నడిమిది మంచిగున్నది. ఎనుక అర్రలకు పోయి టార్చి కొట్టంగనే ఆ ఎలుగు తిరిగొచ్చి ఎదురు గోడ మీద నాలుగు పలకల మచ్చ లెక్క పడ్డది.

"నేను పెట్టిన గాజుల నా మొఖం కనపడకుండె," అన్నడు మెల్లగ. "ఇది ఎవరు పెట్టిన్రు?"

నేను ఆ అద్దానికి ఎదురుగనే ఉన్న. అందుల నా మొఖం సగం కనపడుతున్నది, దొంగ మొఖం. పదకొండేండ్లు బస్సుల టికెట్ లేనోళ్ల మొఖాలు చూసినదాన్ని, నాకు తెల్వదా అది ఎట్లుంటదో.

"నేనే చాచా," అన్నది చెల్లె. "పాతది పగిలింది." అక్కకు చెప్పిననని మాత్రం అనలే. నా దిక్కు చూడను గుడ చూడలే.

మేస్త్రి సాబ్ కోపం చేయలే. అల్లం సంచులు పోయి ఖాళీ అయిన ఆ మూలకు పోయి నేల మీద సుత్తెతోటి కొట్టిండు. డబ్బ లెక్క మోగింది. రెండు బండలు లేపిచ్చిండు. లోపటికెళ్లి చల్లగ, ముక్కిన జొన్నల వాసన వచ్చింది. పాతర అది. ఎన్కట జొన్నలు దాసుకునేటందుకు ఇంట్లనే తవ్విన గుంత. ఎవరి తాతల కాలంల మూసిన్రో, ఇంట్ల ఎవరికీ యాది లేదు. సగం దాంక వాననీళ్లు. ఎనుక గోడ మూల సక్కగ దాని అంచు మీదనే నిలవడి ఉన్నది.

"ఈ అర్రల ఎవరు పండుకుంటున్నరు?" అని అడిగిండు.

"మేమే," అన్నది చెల్లె. "ఆయన, నేను, నడుమ బిడ్డ."

మంచం నేను ఎండాకాలంలనే చూసిన. దాని మీద బిడ్డ బొమ్మ గుడ చూసిన. తొమ్మిది రోజులు ఇల్లు చేజారుతదని ఏడ్చిన గని, ఆ గోడ కింద ఒక పసిపిల్ల పండుకుంటున్నదని ఒక్కసారి గుడ తట్టలే. నా మీద నాకే అసహ్యమైంది.

"రేపు గాదు, ఇప్పుడే ఖాళీ చెయ్యిరి," అని మేస్త్రి సాబే మంచం ఒక పక్క పట్టిండు, ఇంకో పక్క నేను పట్టిన. పక్కలు, పెట్టెలు, బొమ్మ, అన్నీ ముందటర్రలకు తెచ్చినం. అద్దం గోడకే ఉన్నది. అంతా అయినంక ఆయన అరుగు మీద కూసొని, "ఇప్పుడు చాయ పొయ్యి బేటీ" అన్నడు.

ఐదు రోజులు ముసురు పట్టింది. ఆరో రోజు పొద్దుగాల బస్సు మలుపు తిరిగింది. నీలం దర్వాజ తెరిచే ఉన్నది. రోజూ దాని లోపల చీకటుండేది. ఆ రోజు దాంట్లకెళ్లి ఎనుక అల్లం మడి కనపడ్డది, పచ్చగ. దాని మీద ఆకాశం. దర్వాజల ఎవరూ లేరు. బస్సు ఆపిచ్చి, దిగి, బురదల ఉరికిన.

చెల్లె బిడ్డను సంకనేసుకొని ఎడమ అరుగు మీద కూసొని ఉన్నది. ఎనుక గోడ తెల్లారుజామున కూలిందట. మంచం ఉండె జాగల ఎర్రరాళ్ల కుప్ప.

ఏడ్చుకుంట అన్నీ చెప్పిన. నాకు తెలిసి గుడ నోరు మూసుకున్ననని, ఇల్లు దక్కదని చెప్పలేదని. ఆమె నన్నే చూసింది.

"నేను గుడ అందుకే మా ఆయనకు చెప్పలేదక్కా. మీరు కొనరని," అన్నది. "అందుల పండుకునేది నేనే గదా. నాకే తట్టలే," అన్నది. బిడ్డ చెయ్యి చాపి నా టికెట్ మిషన్ మీద బటన్లు ఒత్తుతున్నది. రోడ్డు మీద డ్రైవరన్న హారన్ కొట్టలే. బస్సుల ఒక్కరు గుడ లొల్లి పెట్టలే.

ఆ ఇంట్లనే ఉంటున్నం ఇప్పుడు. ముందటి మూడర్రలు బందోబస్తుగ ఉన్నయని మేస్త్రి సాబ్ రాసిచ్చిండు, మా ఆయన ఒప్పుకున్నడు. పాతర పూడిపిచ్చినం. ఎనుక గోడ లేపలే, అది ఇప్పుడు వాకిలి. చెల్లెవాళ్లు రోడ్డుకు అవతలి పక్క కొత్తింట్ల ఉన్నరు. నేను డ్యూటీల ఉన్నప్పుడు వాన పడితే, ఆమే వచ్చి మిగిలిన రెండు గాజులు చూస్తది. బస్సు మలుపు తిరిగేసరికి మా అరుగు మీద నిలవడి రెండు వేళ్లు చూపిస్తది.

మొన్న ఆమెకు గట్టిగ చెప్పిన. శుక్కురారమైనా సరే, పగిలితే గాజు తీయొద్దు, నేనొచ్చేదాంక అట్లనే ఉంచు అన్న.

"పగిలితే ముందు మీ ఇద్దర్ని బయటికి ఎల్లగొడ్త అక్కా," అన్నది. "గాజు సంగతి తర్వాత."